పిల్లలకు వాద్య పరిచయము: పేత్య, తోడేలు కథ
(రజతోత్సవ సభలో బాలల విభాగమున గావించిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయోత్సవములలో పిల్లల మాట వచ్చినపుడు వారు ఏ పుస్తకములు చదువవలెనో చెప్పుట పరిపాటి. నేటి ప్రసంగము చదువవలసిన కథను గూర్చినది కాదు, వినవలసిన కథను గూర్చినది. 1936లో మాస్కో నగరమున పుట్టిన ఆ కథ పేరు "పేత్య, తోడేలు". ఆంగ్లేయులు పేత్యను పీటరు చేసికొనిరి. సంగీతమును మాటలను గూడ వ్రాసినవాడు సెర్గేయ్ ప్రొకోఫియెవ్. వ్రాయుమని కోరినది నతాలియా సాత్స్ అను నాటకశాలాధ్యక్షురాలు. ప్రదర్శనకు ఇరువదియైదు నిమిషములు మాత్రమే పట్టు ఈ చిన్న రచన దేశదేశముల పిల్లలకు ఆర్కెస్ట్రా వాద్యములను పరిచయము చేసినది. అది ఆ పనిని ఎట్లు సాధించినదో విచారించుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ముందుగా ఆర్కెస్ట్రా యననేమో చెప్పవలెను. మన కచేరీలో గాయకుడు, వయొలిన్, మృదంగము, ఆపైన ఘటమో కంజిరయో ఉండును. నలుగురైదుగురు విద్వాంసులు శ్రోతల యెదుటనే కూర్చుందురు. ఏ ధ్వని ఎవరిదో కనుచూపుతోనే తెలిసిపోవును. పాశ్చాత్యుల పెద్ద ఆర్కెస్ట్రాలో ఎనుబదిమంది, ఒక్కొక్కప్పుడు నూరుగురు వాదకులు కూడుదురు. తంత్రీవాద్యములు ముందు, కఱ్ఱతో చేసిన ఊదువాద్యములు వాటి వెనుక, ఇత్తడి బూరలు ఆ వెనుక, తాళచర్మవాద్యములు చిట్టచివర. అందరును ఒక్కమారుగ మ్రోయించునపుడు వచ్చు నాదము సముద్రఘోష వంటిది. అందులో ఇది ఓబో, ఇది క్లారినెట్ అని విడదీసి వినుట పెద్దలకే కష్టము. పిల్లలకు ఇది నేర్పుటెట్లు? ఒక్కొక్క వాద్యమును ఎత్తి చూపి పేరు చెప్పించుట ఒక పద్ధతి. అది వస్తుప్రదర్శనశాలలో చీటీలు చదివించుట వంటిది. చీటీ తీసివేసినచో పేరు పోవును; పేరు నిలిచినను ధ్వని నిలువదు.

నతాలియా సాత్స్ ఈ చిక్కును బాగుగా ఎరిగినది. ఆమె 1903లో జన్మించెను. ఆమె తండ్రి ఇల్యా సాత్స్ సంగీతకర్త. మాస్కో ఆర్టు థియేటరు వారు 1908లో ప్రదర్శించిన మేటర్లింకు నాటకము "నీలిపక్షి"కి సంగీతము కూర్చినవాడు అతడే. తండ్రి చిన్నతనముననే గతించెను. విప్లవానంతరము 1918లో మాస్కో నగరపాలక సోవియట్టు పిల్లల నాటకముల శాఖను పదునైదేండ్ల ఆ బాలిక చేతిలో పెట్టినది! ఆ రోజులలో మాస్కోలో తిండి లేదు, కట్టెలు లేవు. అట్టి కాలమున పిల్లలకు నాటకములేల యని అడుగువారు తప్పక ఉందురు. ఆమె 1921లో పిల్లలకై ప్రత్యేకముగ ఒక నాటకశాలను స్థాపించెను. పిల్లలకు పెట్టునది పెద్దల విస్తరిలో మిగిలినది కారాదు, మొదటి వడ్డన కావలెను అన్నట్లు ఆమె పనిచేసెను. గొప్ప చిత్రకారులను, సంగీతకర్తలను, నటులను తన నాటకశాలకు పిలిచెను. 1931లో బెర్లిను నగరమున క్లెంపెరర్ సంగీత నిర్వాహకుడుగా వెర్డీ "ఫాల్‌స్టాఫ్" గేయనాటకమును తాను నడపి పేరుగాంచెను. ఇంత పేరు వచ్చినను ఆమె పిల్లల నాటకశాలను విడువలేదు.

ప్రొకోఫియెవ్ చరిత్ర వేరు. అతడు 1891లో నేటి యుక్రేయినులోని సొంత్సోవ్కా గ్రామమున పుట్టెను. తండ్రి ఒక జమీందారీ వ్యవసాయమును చూచు నిపుణుడు. తల్లి పియానో వాయించునది. బిడ్డకు తొలి గురువు ఆమెయే. ఇచ్చట మనకు వినసొంపైన ముచ్చట యొకటి గలదు. అయిదేండ్ల ప్రాయమున ఆ బాలుడు కట్టిన మొట్టమొదటి వరుస పేరు "హిందూదేశపు గాలప్". గాలప్ అనగా గుఱ్ఱపు దౌడు వంటి నృత్యము. హిందూదేశమున కరవు వచ్చినదని ఇంటిలోని పెద్దలు పత్రికలు చదివి చెప్పుకొనుచుండగా విని ఆ పేరు పెట్టినాడట. పియానోపై నల్లమెట్లను తాకుటకు భయపడి, శుద్ధమధ్యమము పలుకవలసిన చోట తెల్లమెట్టునే నొక్కెను. దానితో ఆ వరుసకు ప్రతిమధ్యమము వచ్చినది. అనగా ఆ స్వరస్థానములు మన కల్యాణివే! అతనికి కల్యాణి యను మాటయే తెలియదు. రాగమునకు ప్రాణమైన గమకసంచారములు అందుండవు గనుక దానిని కల్యాణి యనుట సరికాదు. అయినను ఆ స్వరముల కూర్పు అదియే.

అతడు 1918లో స్వదేశమును విడిచి, అమెరికాలోను, ఫ్రాన్సులోను నివసించి, పియానో విద్వాంసుడుగా, స్వరకర్తగా లోకప్రసిద్ధుడయ్యెను. 1930ల నడుమ మాస్కోకు రాకపోకలు హెచ్చినవి. 1936లో భార్యాపుత్రులతో అక్కడనే స్థిరపడెను. భార్య లీనా, కుమారులు స్వ్యతొస్లావ్, ఒలేగ్. 1935లో ఆ చిన్నవాండ్ర నిరువురను వెంటబెట్టుకొని సాత్స్ నాటకశాలకు వచ్చుట అతనికి అలవాటైనది. అతడు ఉన్నతమైన పేరు గలవాడు, మితభాషి. పిల్లలకు ఆర్కెస్ట్రా వాద్యములను తెలుపు ఒక కథ కావలెనని సాత్స్ అతనిని కోరెను. అందలి పాత్రలు పరస్పరము బొత్తిగా భిన్నమైనవి కావలెను, జంతువులు, పక్షులు ఉండవలెను, మనుష్యుడొక్కడైన ఉండవలెను. పాత్రలు ఎంత భిన్నములైన వాద్యధ్వనులు అంత స్పష్టముగ వేఱుపడునని ఆమె యూహ.

మొదట వేరొకరు పద్యరూపమున వ్రాసి యిచ్చిన కథను ప్రొకోఫియెవ్ తిరస్కరించెను. పద్యమున మాటలకే తమదైన లయ, ప్రాస యుండును. అవి చెవిని ఆక్రమించుకొన్నచో సంగీతమునకు చోటెక్కడ? అతడు తానే చిన్న చిన్న వాక్యములతో, అలంకారములు లేని వచనములో కథను వ్రాసికొనెను. 1936 ఏప్రిల్ నెలలో కొలదిదినములలో సంగీతమంతయు పూర్తియైనది. ఆ సంవత్సరము జనవరి 28న ప్రావ్దా పత్రిక షోస్టకోవిచ్ గేయనాటకమును తీవ్రముగ ఖండించియుండెను. సంగీతకర్తలందరును భయముతో నున్న కాలమది. సులభముగ వ్రాయుమని పైనుండి ఆజ్ఞలు వచ్చుచున్న రోజులలో ప్రొకోఫియెవ్ పిల్లల కొరకు నిజముగానే సులభముగ వ్రాసెను. కాని ఆ సులభత్వము ఆజ్ఞచే వచ్చినది కాదు. అది చాల కాలము సాధన చేసినవానికి గాని పట్టుబడని సులభత్వము.

ఇక కథ. ప్రొకోఫియెవ్ వ్రాతప్రతిలోనే ఒక సూచన గలదు: ప్రదర్శనకు ముందు వాద్యములను పిల్లలకు చూపి, ఒక్కొక్కదానిపై ఆయా పాత్ర వరుసను వాయించి వినిపింపవలెనని. పాత్రధారుల నామనిర్దేశము వంటిది ఇది. మన వీధినాటకములలో పాత్ర తెరవెనుక నుండి వచ్చునపుడు తన దరువుతో తన్ను తాను చెప్పుకొనును గదా, ఇదియు నట్టిదే.

ఒకనాటి వేకువ పేత్య అను బాలుడు తోటగడపకు ఉన్న తలుపు తీసికొని పచ్చిక బయలునకు పోవును. అతని వరుస తంత్రీవాద్యములది: వయొలిన్లు, వాటికంటె కొంచెము పెద్దవైన వయోలాలు, మోకాళ్ల నడుమ నిలుపుకొని వాయించు చెల్లోలు, మనిషి యెత్తున నిలుచు డబుల్‌బాసులు అన్నియు కలిసి వాయించును. బాలుడొక్కడే అయినను వాద్యములు పెక్కు. మనుష్యుని మనస్సు ఒక్క తీగతో పలుకునది కాదనియో ఏమో! చెట్టుకొమ్మపై పిట్ట అతని స్నేహితురాలు, దానిది ఫ్లూటు. ఇది లోహముతో చేసి మీటలు బిగించిన పిల్లనగ్రోవి. మన వేణువువలె అడ్డముగ పట్టి ఊదునదే. తెరచియుంచిన తలుపు గుండ బాతు వడివడిగా వచ్చి కొలనులో దిగును, దానిది ఓబో. ఎగురలేని నీవు పక్షివెట్లయితివని పిట్టయు, ఈదలేని నీవు పక్షివెట్లయితివని బాతును వాదులాడుకొనును. ఆ కలహమునందు ఫ్లూటునకును ఓబోకును గల భేదము పిల్లల చెవులకు తానే తెలిసిపోవును. ఒకటి గాలిలో తేలిన స్వరము. మరియొకటి ముక్కుతో పలికిన స్వరము.

ఓబో ధ్వని మన చెవికి క్రొత్తది కాదు. సన్నాయికిని ఓబోకును ఊదు మొన యందు రెండు పొరల రెల్లు పీక యుండును. ఆ రెండు పొరలు ఒకదాని నొకటి కొట్టుకొనుటచే ఆ నాదము పుట్టును. పెండ్లి మేళమున సన్నాయి విని పెరిగిన తెలుగు బాలునకు ఓబోను పరిచయము చేయుట మాస్కో బాలునకంటె సులువు. ఆరుబయట ఊరంత వినిపించునట్లు మ్రోగునది సన్నాయి. నాలుగు గోడల నడుమ మెత్తగ మాటాడునది ఓబో. ఉభయులు జ్ఞాతులే.

అంతలో గడ్డిలో పొంచి పిల్లి వచ్చును. క్లారినెట్ మంద్రస్థాయిలో, స్వరమునకు స్వరమునకు నడుమ ఊపిరి బిగించి, తెగ్గొట్టుచు అడుగులు వేయును. ఈ క్లారినెట్ మన పెండ్లి బ్యాండులలో తఱచుగ కనబడునదే. దీనికి పీక ఒంటిపొర. పేత్య హెచ్చరింపగనే పిట్ట చెట్టెక్కును. బాతు కొలను నడుమనుండి పిల్లిని తిట్టును. తాత బయటికి వచ్చును. తాతది బసూన్. ఎనిమిదడుగులకు మించిన కఱ్ఱగొట్టమును మడచి చేసిన వాద్యము. సన్నాయివలె రెండు పొరల పీకయే, కాని స్వరము పాతాళమున నుండును. అడవినుండి తోడేలు వచ్చినచో ఏమి చేయుదువని గొణుగుచు తాత మనుమని చేయిపట్టి లోనికి లాగికొనిపోయి తలుపు గడియ వేయును. బసూన్ గొణుగుడు విని నవ్వని పిల్లవాడు అరుదు. తాతయందు మాత్రము ఎవరికిని అనాదరము కలుగదు. అతడు చెప్పినది నిజమే యగుచున్నది గదా!

తోడేలు నిజముగనే వచ్చును. మూడు హార్నులు ఒక్కసారిగ మ్రోగును. హార్నన పండ్రెండడుగుల ఇత్తడి గొట్టమును చుట్టలు చుట్టిన బూర. దాని పూర్వరూపము వేటగాండ్రు అడవిలో ఊదు కొమ్ము. వేటగాని వాద్యమును తీసికొనిపోయి మృగమునకే యిచ్చినాడు స్వరకర్త! మూడు స్వరములు దగ్గఱ దగ్గఱగ కలిసి మ్రోగుటచే ఆ నాదమున ఒక చీకటి వచ్చినది. పిల్లి చెట్టెక్కును. ఆ క్షణమున క్లారినెట్ అడుగు స్వరమునుండి పైస్వరమువఱకు గుక్క తిప్పుకొనక ఎగబ్రాకును. మంచి వాదకులకును ఆ చోటు పరీక్షయే. బాతు మాత్రము కంగారుపడి, తన్ను కాపాడుచున్న కొలనును విడిచి గట్టెక్కును. ఎంత పరుగెత్తినను తోడేలు దానిని అందుకొని మ్రింగివేయును.

కథ ఇంతదూరము నవ్వుచు వచ్చి ఇచ్చట గుండె పట్టుకొనును. ఇంతవఱకు ఓబో ఒక వింత ధ్వని. ఇప్పుడు ఆ ధ్వని లేదు. లేకపోయినది గనుకనే అది యేదో పిల్లవానికి గట్టిగ తెలిసినది. ఏ ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాసినను ఇంత గట్టిగ నాటుకొనదు. వాద్యమునకు పేరు పెట్టి వదలివేయక, దానికి ప్రాణము పోసి, ఆ ప్రాణమునకు ఆపద తెచ్చుట ప్రొకోఫియెవ్ చేసిన పని. ఆపదలో ఉన్నవాని గొంతును ఎవరును మరువరు.

తరువాతి కథ పేత్య సాహసము. చెట్టుకొమ్మపై ఒకచోట పిల్లి, మరియొకచోట పిట్ట; ఒకదాని కొకటి మఱీ దగ్గఱగ కూర్చుండలేదని ప్రొకోఫియెవ్ చెప్పుట అతని హాస్యమునకు గుర్తు. పేత్య త్రాడు తెచ్చి, గోడ యెక్కి, కొమ్మపైకి ప్రాకి, పిట్టను తోడేలు తలచుట్టు తిరుగుమని పురికొల్పి, ఉచ్చు దించి తోడేలు తోకను బిగించును. వేటగాండ్రు అడుగులు వేయుచు తుపాకులు ప్రేల్చుచు వత్తురు. తుపాకి ధ్వనులు టింపనీలవి, పెద్ద డోలువి. టింపనీ రాగిగిన్నెపై చర్మము మూసిన భేరి. మన నగారాను పోలినదైనను, దానిని కోరిన స్వరమునకు శ్రుతి చేసికొందురు. కాల్చవలదనియు, తోడేలును జంతుప్రదర్శనశాలకు చేర్చుదమనియు పేత్య వారిని ఆపును. ఊరేగింపు సాగును: ముందు పేత్య, వెనుక తోడేలుతో వేటగాండ్రు, ఆ వెనుక పిల్లితో తాత. పేత్య తోడేలును పట్టలేకపోయియున్నచో ఏమయ్యెడిదని తాత ఇంకను గొణుగుచునే యుండును.

ఊరేగింపు ముగియబోవు తరుణమున అన్ని వాద్యములును తగ్గి, సన్నగా ఓబో వినిపించును. బాతు తోడేలు కడుపులో ఇంకను బ్రతికియున్నది. తొందరపాటున తోడేలు దానిని నమలక మ్రింగినది! ఇక్కడ పిల్లలు చూచుటకు ఏమియు లేదు. బాతు కంటికి కనబడదు. పేరు చెప్పక ముందే ఆ ధ్వనిని బట్టి "బాతు!" అని గుర్తించిన బాలుడు ఓబోను నేర్చుకొన్నవాడే. పరీక్ష పెట్టినట్లు అతనికి తెలియనే తెలియదు.

అమెరికాలో వాల్టు డిస్నీ 1946లో ఈ కథను రంగుల బొమ్మల చలనచిత్రముగ తీసెను. 1938లో ప్రొకోఫియెవ్ స్వయముగ హాలీవుడ్డుకు పోయి అతనికి ఈ సంగీతమును పియానోపై వాయించి వినిపించియుండెను. ఆ చిత్రమున బాతును తోడేలు మ్రింగినట్లు మొదట భ్రమింపజేసి, అది చెట్టుతొఱ్ఱలో దాగి బ్రతికియున్నదని చివర కంటికి చూపిరి. పిల్లల మనస్సు నొచ్చుకొనకుండుటకు అట్లు మార్చియుందురు. ఆ దయ వలన చెవికి పని లేకపోయినది. కన్ను చూచిన తరువాత చెవి ఏమి కనిపెట్టగలదు? 2006లో సూజీ టెంపుల్టన్ తీసిన బొమ్మల చిత్రము ఇందుకు వేరు త్రోవ. అందు కథకుని మాటలు బొత్తిగా లేవు. ఆ చిత్రమునకు 2008లో ఆస్కారు బహుమతి లభించినది.

ఈ కృతి తొలి ప్రదర్శన 1936 మే 2న మాస్కో కన్సర్వేటరీ పెద్ద మందిరమున జరిగెను. సాత్స్ అస్వస్థురాలై కథ చెప్పుటకు రాలేకపోయెను. అనుభవము లేని మరియొకరు ఆమె స్థానమున నిలిచిరి. వచ్చినవారు కొద్దిమంది, ఎవరును పెద్దగా పట్టించుకొనలేదు. ఆ నెలలోనే పయొనీరు బాలల భవనమున సాత్స్ స్వయముగ కథ చెప్పినపుడు అదే సంగీతము పిల్లలను ఉఱ్ఱూతలూపినది. స్వరములు మారలేదు, వాద్యములు మారలేదు, కథకురాలు మారెను. హరికథ ఎరిగిన దేశమున ఈ మాటను విస్తరించి చెప్పనక్కరలేదు. ఒకే కథను ఇద్దరు దాసులు చెప్పినచో ఒకచోట జనము తెల్లవార్లు కూర్చుందురు, మరియొకచోట అర్ధరాత్రికే చాపలు చుట్టుదురు.

1938 మార్చిలో ప్రొకోఫియెవ్ బోస్టను నగరమున ఈ కృతిని తానే నిర్వహించెను. క్రమముగా గ్రామఫోను పలకలు వెలువడినవి. 1950లో ఎలినార్ రూజువెల్టు, 1960లో లెనర్డ్ బెర్న్‌స్టీన్, 1978లో డేవిడ్ బౌవీ వంటివారు కథకులైరి.

ఈ కీర్తి యంతయు పెరుగుచున్న కాలమున దీనిని వ్రాయించిన స్త్రీ ఎచ్చట నుండెను? 1937 ఆగస్టులో సాత్స్‌ను నిర్బంధించిరి. ఆమె భర్త ఇజ్రాయిల్ వైత్సర్ వాణిజ్యశాఖా కమీసారు. అతనిని 1938లో కాల్చిచంపిరి. భార్యయైన దోషమునకు ఆమె అయిదేండ్లు శిబిరములలో మ్రగ్గెను. బోస్టనులో పిల్లలు బాతునకై బెంగపడుచున్న దినములలో, ఆ బాతును వారికి ఇప్పించినామె ముళ్లతీగల వెనుక నుండెను. విడుదలైన తరువాతను మాస్కోలో నివసింపనీయలేదు. కజఖ్‌స్తానులోని ఆల్మా ఆతా నగరమునకు పోయి, అక్కడను ఊరకుండక, 1940ల నడుమ బాలప్రేక్షకుల నాటకశాలను స్థాపించెను. ప్రొకోఫియెవ్ ఇల్లును క్షేమముగ నుండలేదు: లీనాను 1948లో పట్టుకొనిపోయిరి, ఎనిమిదేండ్లు ఆమె బందీ. 1953 మార్చి 5న, స్టాలిన్ మరణించిన దినముననే, ప్రొకోఫియెవ్ కన్నుమూసెను. తోడేలు కథను ఇట్టి కాలమున వ్రాసినవాడు లోన ఏమి తలచెనో ఊహింపవచ్చునుగాని, ఆ సంగీతమును రాజకీయముల సంకేతముగ విప్పి చెప్పుటకు ఉత్సాహపడుట ఉచితము కాదు. పిల్లలకు అది తోడేలే. సాత్స్ తిరిగి మాస్కో చేరి, 1965లో బాలల సంగీత నాటకశాల తలుపులు తెరచెను. తండ్రి సంగీతమునకు గుర్తుగా నీలిపక్షి దానికి చిహ్నమయ్యెను. పెద్దతనమునను ఆమె పేత్య కథను చెప్పుచునే యుండెను. 1993లో ఆమె మరణించెను. ఆ నాటకశాల ఆమె పేరనే నడచుచున్నది.

ఈ పద్ధతిపై ఒక ఆక్షేపణ కలదు. పిల్లవాడు ఓబో వినినప్పుడెల్ల బాతునే తలచుకొనడా? ఓబో బాతు కాదు. దానితో శోకమును పలికింపవచ్చును, ప్రేమను పలికింపవచ్చును. ఆక్షేపణ సబబే. దానికి సమాధానము ఆంగ్ల స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ రచనలో దొరకును. విద్యాశాఖవారు తీయదలచిన చలనచిత్రమునకై అతడు 1945లో ఆర్కెస్ట్రాకు బాలల మార్గదర్శినిని వ్రాసెను. 17వ శతాబ్దివాడైన హెన్రీ పర్సెల్ వరుస నొకదానిని తీసికొని, అదే వరుసను ఒక్కొక్క వాద్యమునకు తగినట్లు మార్చి పదుమూడు విధముల వాయింపజేసెను. తుద నొక క్రొత్త వరుసను ఎత్తుకొని, అన్ని వాద్యములును ఒకదాని వెంట నొకటి తఱుముకొని వచ్చునట్లు కూర్చెను. ఇందు కథ లేదు, జంతువులు లేవు. ఒక్క రాగము చేతులు మారునపుడు ముఖము మారుటయే కథ. గంభీరమైన రచన. కాని ముందు పేత్యతో బయలునకు పోయి వచ్చిన పిల్లవానికే ఇది రుచించును. స్నేహము కుదిరిన తరువాత గుణగణముల విచారణ. ముందుగ విచారణ పెట్టినచో స్నేహము కుదురదు.

తెలుగు గ్రామములకు మాస్కో పిల్లల కథలు క్రొత్త కావు. సోవియట్టు ప్రచురణాలయములు తెలుగున అచ్చొత్తించిన బొమ్మల పుస్తకములు విశాలాంధ్ర వారి దుకాణముల ద్వారా 1991వఱకు పల్లెలకు సయితము వచ్చుచుండెడివి. పుస్తకముల వలె ఈ వాద్యకథయు గ్రంథాలయమున చోటు పొందదగినదే. నేడు దీనిని వినుటకు గ్రామఫోను వెదకనక్కరలేదు, సెల్‌ఫోనులోనే దొరకును. కథ ఆంగ్లముననున్నచో అడ్డంకి లేదు. మాటలు స్వల్పము, పిల్లలకు కథ చెప్పు అలవాటుగల గ్రంథపాలకుడో, ఉపాధ్యాయినియో ఆ మాటలను తెలుగున చెప్పి, నడుమ సంగీతమును వినిపింపవచ్చును.

వినిపించువారు కొన్నిటిని గుర్తుంచుకొనవలెను. ప్రొకోఫియెవ్ సూచించినట్లు ముందుగ వాద్యముల పరిచయము జరుగవలెను. ఓబో ఈ పరగణాలో దొరకదు. కాని సన్నాయి విద్వాంసుని ఒకనాటి సాయంకాలము పిలిచి, పీకను విప్పి పిల్లల అరచేతిలో పెట్టి చూపుమని కోరవచ్చును. పీక లేకుండ ఊదినచో ఏమగునో చూపినచో మరియు మేలు. బ్యాండు మేళములోని క్లారినెట్ వాదకుడు పిల్లి నడకను అడుగు స్వరములపై అనాయాసముగ వాయించి చూపగలడు. కథకుడు గొంతు మార్చి బాతువలె అరచుట, తోడేలువలె గర్జించుట మానవలెను. ఆ పనికై వాద్యములున్నవి. కథకుడు నటించినచో వాద్యము నోరు మూతపడును. ఊరేగింపు సాగునపుడు అతడు పూర్తిగ ఊరకుండి, ఓబో వినవచ్చు చోట పిల్లలే పలుకునట్లు ఒక క్షణము ఓపిక పట్టవలెను.

కథ ముగిసిన వెంటనే బాతు మఱల బయటికి వచ్చెనా యని పిల్లలు తప్పక అడుగుదురు. ప్రొకోఫియెవ్ దానికి సమాధానము వ్రాయలేదు. కథకుడును చెప్పనక్కరలేదు, మఱునాడు వారు మఱల వినగోరి వచ్చినచో ఓబో వచ్చు చోటినుండి తిరిగి వినిపించిన చాలును.